అద్దం తీసేశాక ఏం జరిగింది?

మిర్రర్‌లెస్ కెమెరాతో వచ్చిన సుఖాలకూ చిక్కులకూ మూలం ఒక్కటే

పదేళ్ల కిందటి పెళ్లి వీడియో ఏదైనా పెట్టుకుని, పురోహితుడి మంత్రాల మధ్య చెవి ఒగ్గి వినండి. టకటకమని ఇంకో చప్పుడు వినిపిస్తుంది. పీటల చుట్టూ మూగిన ఫొటోగ్రాఫర్ల కెమెరాల చప్పుడది. ఇప్పటి పెళ్లిళ్లలో ఫొటోగ్రాఫర్లు తగ్గలేదు, ఇంకా పెరిగారు. ఆ చప్పుడు మాత్రం చాలా పందిళ్లలో వినబడటం లేదు.

ఆ ఫొటోగ్రాఫర్లను ఇంకాస్త గమనిస్తే మరో రెండు సంగతులు తెలుస్తాయి. ఒకప్పుడు రెండు బ్యాటరీలతో పెళ్లంతా లాగించినవాళ్లు ఇప్పుడు నాలుగైదు వెంట తెస్తున్నారు. రిసెప్షన్లో వేదిక వెనక ఎల్‌ఈడీ తెర ఉంటే ఒక్కోసారి ఫొటోల్లో అడ్డంగా నల్లటి చారలు పడుతున్నాయి. వాళ్లు కెమెరా వెనక చూసుకుని, ఏదో చక్రం తిప్పి, మళ్లీ తీస్తున్నారు.

చప్పుడు పోవడం, బ్యాటరీ త్వరగా అయిపోవడం, ఫొటోలో చారలు పడటం. పైకి ఒకదానికొకటి సంబంధం లేని విషయాలివి. కానీ మూడింటి వెనకా ఉన్నది ఒకే మార్పు. కెమెరా లోపల అరచేతిలో ఇమిడే అద్దం ఒకటుండేది. దాన్ని తీసేశారు.

## అసలు అద్దం ఎందుకు పెట్టారు?

ఫిల్ము మీద వెలుగు ఒక్కసారే పడాలి. పడిందా, బొమ్మ అచ్చయిపోయినట్టే. అందుకని మీట నొక్కేదాకా ఫిల్మును చీకట్లో దాచాలి. మరి లెన్స్‌కు ఏం కనిపిస్తోందో ఫొటోగ్రాఫరుకు తెలిసేదెలా? దానికోసం లెన్స్‌కూ ఫిల్ముకూ నడుమ 45 డిగ్రీల వాలుతో ఒక అద్దం పెట్టారు. లెన్స్‌లోంచి వచ్చిన వెలుగు ఆ అద్దానికి తగిలి పైకి మళ్లుతుంది. పైనున్న గరుకు గాజు మీద బొమ్మ కడుతుంది. దాని మీది పెంటాప్రిజం అనే గాజు దిమ్మె ఆ బొమ్మను తిన్నగా తిప్పి, ఫొటోగ్రాఫర్ కన్ను పెట్టి చూసే వ్యూఫైండర్ ద్వారా కంటికి చేరుస్తుంది. ఇదే ఎస్‌ఎల్‌ఆర్ కెమెరా. 1959లో నికాన్ ఎఫ్ వచ్చాక ప్రపంచమంతటా పత్రికా ఫొటోగ్రాఫర్లు ఈ దారి పట్టారు.

మీట నొక్కినప్పుడు లోపల ఓ చిన్న కవాతు జరుగుతుంది. అద్దం ఎగిరి పైకప్పుకు తగులుతుంది. షట్టర్ తెర తెరుచుకుని మూసుకుంటుంది. అద్దం మళ్లీ కిందికి పడుతుంది. అంతసేపూ వ్యూఫైండర్ చీకటే. అంటే ఫొటో పడిన క్షణాన్ని ఫొటోగ్రాఫర్ చూడనే చూడడు. పందిట్లో మనం విన్న చప్పుడులో పెద్ద వాటా ఈ అద్దానిదే.

తర్వాత ఫిల్ము పోయింది, డిజిటల్ సెన్సర్ వచ్చింది. ఫిల్ము ఉన్న చోట సెన్సర్ పెట్టి, మిగతా ఏర్పాటంతా అలాగే ఉంచేశారు. అదే డీఎస్‌ఎల్‌ఆర్. నిజానికి సెన్సరును ఫిల్ములా దాచిపెట్టాల్సిన పని లేదు. ఎన్నిసార్లయినా వెలుగు చూపించవచ్చు, చదవవచ్చు, తుడిచి మళ్లీ వాడవచ్చు. అంటే అద్దం అవసరం ఆ రోజే తీరిపోయింది. అయినా అది మరికొన్నేళ్లు నిలిచింది. ఎందుకంటే అప్పటి సెన్సర్లు నెమ్మదిగా చదివేవి, త్వరగా వేడెక్కేవి. కంటి దగ్గర పెట్టే బుల్లి తెరల్లో బొమ్మ గరుకుగా, కాస్త ఆలస్యంగా కనిపించేది. ఫోకస్ కూడా తడబడేది.

ఈ అడ్డంకులు ఒక్కొక్కటే తొలగాయి. 2008లో పానాసోనిక్ లుమిక్స్ జీ1 వచ్చింది. లెన్స్ మార్చుకునే వీలున్న ఈ తరం మిర్రర్‌లెస్ కెమెరాల్లో అదే మొదటిది. 2013లో సోనీ ఏ7 వచ్చి, 36 మిల్లీమీటర్ల వెడల్పు, 24 మిల్లీమీటర్ల ఎత్తు ఉండే ఫుల్‌ఫ్రేమ్ సెన్సరును ఈ వరుసలోకి తెచ్చింది. 2018లో నికాన్, కెనన్ తమ ఫుల్‌ఫ్రేమ్ మిర్రర్‌లెస్‌లను దించాయి. 2020లో వార్తా సంస్థ అసోసియేటెడ్ ప్రెస్ తన ఫొటోగ్రాఫర్లందరికీ సోనీ మిర్రర్‌లెస్‌లు ఇవ్వబోతున్నట్టు ప్రకటించింది. 2024లో నికాన్ జెడ్9 అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి చేరింది. పెంటాక్స్ లాంటి ఒకటి రెండు పేర్లు అద్దాన్ని వదలకపోయినా, కొత్త మోడళ్ల దారి మిర్రర్‌లెస్ వైపు మళ్లిపోయింది.

## ఒక్క సెన్సర్ మీద అన్ని పనులు

డీఎస్‌ఎల్‌ఆర్‌లో పనుల పంపకం ఉండేది. దృశ్యాన్ని చూపించడం అద్దం, ప్రిజం పని. ఫోకస్ చూడటానికి కెమెరా అడుగున వేరే సెన్సర్ ఉండేది. అద్దం నడిమి భాగం కొంత వెలుగును లోపలికి వదిలితే, దాని వెనకున్న ఇంకో చిన్న అద్దం ఆ వెలుగును కిందికి పంపేది. వెలుతురు కొలవడం పైనున్న మీటరు వంతు. అసలు సెన్సర్ మాత్రం ఫొటో పడే ఆ లిప్త తప్ప మిగతా సమయమంతా చీకట్లో నిద్రపోయేది.

మిర్రర్‌లెస్‌లో ఈ పనులన్నీ ఒక్క సెన్సర్ నెత్తిన పడ్డాయి. చూపించేది, ఫోకస్ పట్టేది, వెలుతురు కొలిచేది, చివరికి ఫొటో తీసేది కూడా అదే. కెమెరా ఆన్ చేసిన దగ్గర్నుంచి అది మేలుకునే ఉంటుంది. సెకనుకు 60 సార్లో 120 సార్లో బొమ్మను చదివి వ్యూఫైండర్ తెరకు పంపుతూనే ఉంటుంది. మిర్రర్‌లెస్ ఇచ్చే సుఖమైనా, పెట్టే ఇబ్బందైనా ఇక్కడి నుంచే పుడుతుంది.

మొదటి సుఖం కంటికి తెలుస్తుంది. డీఎస్‌ఎల్‌ఆర్‌లో కనిపించేది దృశ్యం. ఫొటో ఎలా వస్తుందో తీశాక చూసుకోవాలి. మిర్రర్‌లెస్‌లో కనిపించేది దాదాపుగా రాబోయే ఫొటోనే. సెట్టింగ్ తప్పయితే వ్యూఫైండర్‌లోనే బొమ్మ నల్లబడుతుంది, లేదా తెల్లగా పేలిపోతుంది. సాయంత్రం నీరెండలో, వెనక నుంచి వెలుగు పడే గుమ్మంలో ఎవరినైనా నిలబెట్టి తీసే కొత్తవారికి ఇదే పెద్ద పాఠం. చక్రం తిప్పుతుంటే ఫలితం ఎదుటే మారుతుంది. నేర్చుకోవడానికి పట్టే కాలం తగ్గుతుంది.

> స్టూడియోలో తెర నల్లబడితే
>
> డీఎస్‌ఎల్‌ఆర్ నుంచి కొత్తగా మారినవాళ్లు స్టూడియో ఫ్లాష్‌లు పెట్టుకుని కెమెరా చేతికి తీసుకోగానే కంగారు పడతారు. వ్యూఫైండర్ అంతా చీకటి. కెమెరా పాడవలేదు. రాబోయే ఫొటోను ముందే చూపించడం దాని అలవాటు. ఫ్లాష్ వెలుగు అప్పటికింకా లేదు కాబట్టి, ఆ సెట్టింగుకు గదిలో ఉన్న మామూలు వెలుతురు సరిపోదని చీకటిని చూపిస్తోంది. మెనూలో ఎక్స్‌పోజర్ ప్రివ్యూను ఆపేస్తే తెర మామూలుగా వెలుగుతుంది. ఆరుబయట పనికి వెళ్లేటప్పుడు మళ్లీ ఆన్ చేయడం మరిచిపోకూడదు.

## ఫోకస్ ఎలా పడుతుంది?

ముక్కుకు ఎదురుగా వేలు నిలబెట్టి, ఒక కన్ను మూసి ఇంకో కంటితో, మళ్లీ ఆ కన్ను మూసి ఈ కంటితో చూడండి. వేలు పక్కకు జరిగినట్టు కనిపిస్తుంది. వేలు దగ్గరకు తెచ్చేకొద్దీ ఎక్కువ జరుగుతుంది. రెండు కళ్లకూ కనిపించే ఆ కాస్త తేడా నుంచే దూరం ఎంతో మెదడు అంచనా కడుతుంది.

కెమెరా ఫోకస్ కూడా ఈ సూత్రం మీదే నడుస్తుంది. లెన్స్ ఎడమ సగం నుంచి వచ్చే వెలుగును, కుడి సగం నుంచి వచ్చే వెలుగును విడివిడిగా చూస్తే రెండు బొమ్మలు వస్తాయి. ఫోకస్ సరిగ్గా ఉంటే రెండూ ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి. లేకపోతే పక్కకు జరుగుతాయి. ఎటు జరిగాయన్నది లెన్స్ ఎటు కదలాలో చెబుతుంది. ఎంత జరిగాయన్నది ఎంత కదలాలో చెబుతుంది. వెతుకులాట లేకుండా లెన్స్ ఒక్క కదలికలో అక్కడికి చేరుతుంది. డీఎస్‌ఎల్‌ఆర్ అడుగున ఉండే ఫోకస్ సెన్సర్ చేసింది ఇదే.

తొలితరం మిర్రర్‌లెస్‌లకు ఈ ఏర్పాటు లేదు. బొమ్మ ఎక్కడ పదునుగా ఉందో తెలుసుకోవడానికి లెన్స్‌ను ముందుకూ వెనక్కూ జరిపి చూసేవి. కదలని కొండకు, పూలకుండీకి అది సరిపోయింది. పరుగెత్తే పిల్లలకు సరిపోలేదు. తర్వాత ఫోకస్ చూసే పిక్సెళ్లను అసలు సెన్సర్లోనే పొదిగారు. 2013లో కెనన్ 70డీ కెమెరాలో ప్రతి పిక్సెల్‌నూ రెండు సగాలు చేసి, ఒకటి ఎడమకు, ఒకటి కుడికి వాడే పద్ధతి తెచ్చింది. ఇందులో ఒక తమాషా ఉంది. 70డీ అద్దమున్న కెమెరాయే. కానీ వెనక తెర మీద చూస్తూ తీసేటప్పుడు అద్దం పైకి లేచే ఉంటుంది కాబట్టి, అది మిర్రర్‌లెస్‌లాగే పనిచేసింది. రాబోయే కాలపు పద్ధతికి రిహార్సల్ అద్దం కెమెరాలోనే జరిగిందన్న మాట.

దీనివల్ల పాత తలనొప్పి ఒకటి తీరింది. డీఎస్‌ఎల్‌ఆర్‌లో ఫోకస్ చూసే దారి వేరు, ఫొటో పడే దారి వేరు. రెండు దారుల పొడవులో వెంట్రుకవాసి తేడా వచ్చినా, కంటికి పెట్టిన ఫోకస్ చెవి మీదో ముక్కు కొన మీదో పడేది. లెన్స్ లెన్స్‌కూ కూర్చుని సరిదిద్దుకోవాల్సి వచ్చేది. ఇప్పుడు కొలిచేదీ తీసేదీ ఒకటే సెన్సర్. ఆ తేడాకు చోటే లేదు. పైగా ఫోకస్ బిందువులు ఫ్రేము నడిమధ్యన గుంపుగా కాకుండా దాదాపు అంచుల దాకా పరుచుకున్నాయి. మనిషిని ఓ మూలన నిలబెట్టి తీయాలన్నా ఇబ్బంది లేదు.

## కన్ను ఎక్కడుందో కెమెరాకు ఎలా తెలుసు?

డీఎస్‌ఎల్‌ఆర్ ఫోకస్ సెన్సరుకు తెలిసింది దూరమే. అక్కడున్నది ముఖమో స్తంభమో దానికి పట్టదు. మిర్రర్‌లెస్‌లో మొత్తం బొమ్మ నిరంతరం ప్రాసెసర్ ముందు ఉంటుంది. కాబట్టి బొమ్మలో ఏముందో వెతకవచ్చు. లక్షల కొద్దీ ఫొటోలు చూపించి, ఇది కన్ను, ఇది తల, ఇది రెక్క అని ముందే తర్ఫీదు ఇచ్చిన లెక్కలు కెమెరాలో ఉంటాయి. ప్రతి ఫ్రేములోనూ అవి కంటి పోలికలున్న చోటును పట్టుకుంటాయి. ఫోకస్ అక్కడికి వెళుతుంది. మనిషి కదిలితే వెంట కదులుతుంది. 2017లో వచ్చిన సోనీ ఏ9 ఈ ఫోకస్ లెక్కను సెకనుకు 60 సార్లు చేసుకునేది.

కొల్లేరు ఆటపాకలోనో నేలపట్టులోనో గూడబాతుల కోసం కాపు కాసేవాళ్లకు ఇది గొప్ప వరం. ఎగిరే పక్షి మీద ఒక్క బిందువును నిలబెట్టడం ఏళ్ల సాధనతో గాని వచ్చేది కాదు. ఇప్పుడు పక్షిని ఫ్రేములో ఉంచితే చాలు, కన్ను సంగతి కెమెరా చూసుకుంటుంది. ఫొటోగ్రాఫర్ వెలుగు మీద, వెనక నేపథ్యం మీద మనసు పెట్టవచ్చు.

అయితే ఈ లెక్కకు అర్థం తెలియదు, పోలికలే తెలుసు. తలంబ్రాల వేళ దాని తంటాలు చూడాలి. గుప్పెళ్లతో విసిరే పసుపు బియ్యం లెన్స్‌కూ ముఖానికీ మధ్య వానలా కురుస్తుంది. కన్ను కనబడదు, మళ్లీ కనబడుతుంది. ఫోకస్ ఒక్కోసారి గింజల మీదికి దూకుతుంది. అనుభవం ఉన్నవాళ్లు ముందే మెనూలోకి వెళ్లి, అడ్డొచ్చినదాని మీదికి వెంటనే మారకుండా కాసేపు ఆగమని కెమెరాకు చెప్పిపెడతారు. అడ్డుతెర దించే క్షణంలోనూ అంతే. ఫ్రేములో నాలుగు ముఖాలుంటే ఏది ముఖ్యమో కెమెరాకు తెలియదు. పెళ్లికూతురి ముఖాన్ని ముందే నమోదు చేసిపెట్టే వీలు కొన్ని మోడళ్లలో ఉంది. వాడుకునేవారికే అది అక్కరకొస్తుంది.

## వంకరపోయిన కోలాటం కర్రలు

ఇక చప్పుడు సంగతి. అద్దం పోయినంత మాత్రాన కెమెరా మూగబోదు. షట్టర్ తెర చిన్నగా చిటుక్కుమంటుంది. దాన్ని కూడా కదిలించకుండా, సెన్సరుకే ఇప్పుడు మొదలుపెట్టు, ఇప్పుడు ఆపు అని చెబితే పూర్తి నిశ్శబ్దం. దీన్ని ఎలక్ట్రానిక్ షట్టర్ అంటారు. కానీ దీన్ని పెట్టి కోలాటం తీస్తే ఒక్కోసారి కర్రలు విల్లులా వంగి కనిపిస్తాయి. రైలు కిటికీలోంచి తీస్తే కరెంటు స్తంభాలు ఒక పక్కకు ఒరిగిపోతాయి. ఎందుకు?

పెళ్లిలో పంక్తి భోజనం ఊహించుకోండి. పొడవాటి పంక్తి, వడ్డించేవాడు ఒక్కడే. నెయ్యి గిన్నె పట్టుకుని మొదటి విస్తరి నుంచి బయల్దేరాడు. చివరి విస్తరి దాకా చేరేసరికి మొదటివాడు పప్పన్నం ముగించి సాంబారు కోసం చూస్తుంటాడు. అందరిదీ ఒకే పంక్తి. కానీ ఈ చివర ఒక సమయం, ఆ చివర ఇంకో సమయం.

మామూలు సెన్సర్ చదివేది ఇలాగే. పై వరుస నుంచి కింది వరుస దాకా ఒక్కొక్కటే చదువుకుంటూ వస్తుంది. చాలా కెమెరాల్లో ఇందుకు సెకనులో 15వ వంతు నుంచి 50వ వంతు దాకా పడుతుంది. ఈలోగా కర్ర కదిలిపోతుంది. పై వరుసలు చూసిన చోట దాని కొస, కింది వరుసలు చూసిన చోట దాని మొదలు. రెండూ వేర్వేరు క్షణాలవి. అతికిస్తే వంకర. షట్టర్ వేగం 4000వ వంతు పెట్టినా ఈ వంకర పోదు. ఒక్కో వరుస వెలుగు చూసే కాలం తగ్గుతుందే తప్ప, మొత్తం పంక్తి తిరగడానికి పట్టే కాలం తగ్గదు.

పరిష్కారం వడ్డన వేగం పెంచడం. మామూలు పంక్తిలో గిన్నె ఖాళీ అయినప్పుడల్లా వంటశాలకు పరుగెత్తాలి. పదార్థాలన్నీ పంక్తి వెనకే పెట్టుకుంటే ఆ పరుగు తప్పుతుంది. స్టాక్డ్ సెన్సర్ అంటే అదే. పిక్సెళ్ల పొర కిందే మెమరీ పొర అతికించి ఉంటుంది. చదివింది చదివినట్టు అక్కడే దింపేస్తుంది. 2017 నాటి సోనీ ఏ9తో ఈ పద్ధతి ఫుల్‌ఫ్రేమ్ కెమెరాల్లోకి వచ్చింది. 2021లో వచ్చిన నికాన్ జెడ్9 సెన్సర్ మొత్తం ఫ్రేమును సెకనులో 250వ వంతుకు దరిదాపుల్లో చదివేస్తుంది. ఆ ధీమాతోనే నికాన్ అందులో యాంత్రిక షట్టరునే పెట్టలేదు.

అన్నిటికీ మించింది, ప్రతి విస్తరి దగ్గరా ఒక మనిషిని నిలబెట్టి ఒక్కసారే అందరికీ వడ్డించడం. దీన్ని గ్లోబల్ షట్టర్ అంటారు. 2023 నవంబరులో ప్రకటించిన సోనీ ఏ9 3 ఫుల్‌ఫ్రేమ్ మిర్రర్‌లెస్‌లలో దీన్ని మొదట తెచ్చింది. అన్ని పిక్సెళ్లూ ఒకే క్షణాన్ని పట్టుకుంటాయి. కర్ర వంగదు. మామూలు కెమెరాల్లో ఫ్లాష్ సెకనులో 200వ వంతో 250వ వంతో దాటితే ఫ్రేమంతా వెలగదు. ఇందులో 80,000వ వంతు వద్ద కూడా వెలుగుతుంది. కానీ అంతమంది నిలబడాలంటే పంక్తిలో జాగా తగ్గుతుంది. ప్రతి పిక్సెల్ పక్కనా దాచుకునే చోటు కావాలి కాబట్టి వెలుగు పట్టే చోటు కాస్త కుంచించుకుపోతుంది. ఆ కెమెరాలో కనిష్ఠ ఐఎస్ఓ, అంటే వెలుగుకు సెన్సర్ స్పందించే స్థాయి, 100 కాకుండా 250 నుంచి మొదలయ్యేది అందుకే.

> ఎల్‌ఈడీ చారలు ఎందుకు పడతాయి?
>
> మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తులు. దాని మీద నడిచే చాలా దీపాలు సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి. ఎల్‌ఈడీ తెరలు, వేదిక దీపాలు తమ సొంత లెక్కలో ఇంకా వేగంగా ఆరి వెలుగుతుంటాయి. మన కంటికి తెలియదు. వరుస తర్వాత వరుస చదివే సెన్సరుకు తెలుస్తుంది. దీపం వెలిగినప్పుడు చదివిన వరుసలు తెల్లగా, ఆరినప్పుడు చదివినవి నల్లగా పడతాయి. అవే చారలు.
>
> చేయవలసింది: నిశ్శబ్ద షట్టర్ ఆపి యాంత్రిక షట్టర్ పెట్టాలి. షట్టర్ వేగం 100వ వంతో 50వ వంతో ఉంచితే ప్రతి వరుసకూ పూర్తి మినుకు అందుతుంది. ఎల్‌ఈడీ తెరలకు ఇది సరిపోకపోతే, షట్టర్ వేగాన్ని దశాంశాల్లో సవరించే వీలు కొన్ని కెమెరాల్లో ఉంది. వ్యూఫైండర్ చూస్తూ చారలు మాయమయ్యేదాకా తిప్పడమే. జనరేటర్ మీద నడిచే పందిట్లో కరెంటు కూడా 50 దగ్గర స్థిరంగా ఉండకపోవచ్చు. అక్కడ ఒకటి రెండు ఫొటోలు తీసి చూసుకోవడం మేలు.

## నిశ్శబ్దం ఎవరికి లాభం?

సినిమా సెట్లో స్టిల్ ఫొటోగ్రాఫరుకు ఈ నిశ్శబ్దం విలువ బాగా తెలుసు. సంభాషణలు సెట్లోనే రికార్డు చేసే సింక్ సౌండ్ చిత్రీకరణలో కెమెరా చప్పుడయితే టేక్ పాడవుతుంది. అందుకని ఒకప్పుడు ఎస్‌ఎల్‌ఆర్‌ను బ్లింప్ అనే మందపాటి పెట్టెలో బిగించి వాడేవారు. లేదంటే టేక్ అయ్యాక నటులను మళ్లీ నిలబడమని బతిమాలుకోవాలి. ఇప్పుడు టేక్ జరుగుతుండగానే, నటన సాగుతుండగానే తీయవచ్చు. కర్ణాటక కచేరీలో ఆలాపన సాగేటప్పుడు, కూచిపూడి ప్రదర్శనలో అభినయం నడిచేటప్పుడు, గోల్ఫ్ ఆటగాడు కర్ర ఎత్తినప్పుడు కూడా అంతే.

దీనికి రెండో వైపు కూడా ఉంది. టక్‌మన్న చప్పుడు ఎదుటివారికి ఒక కబురు. ఫొటో తీశారు, ఇక సర్దుకోవచ్చు అని. గ్రూప్ ఫొటోలో నిలబడినవాళ్లు చప్పుడు వినబడక, తీశారో లేదో తెలియక బిగుసుకుని అలాగే ఉండిపోతారు. అందుకే చాలామంది ఫొటోగ్రాఫర్లు అలాంటప్పుడు కెమెరాలోని కృత్రిమ శబ్దాన్ని ఆన్ చేస్తారు. పరాయి మనిషిని ఆయనకు తెలియకుండా తీయడం ఇప్పుడు తేలికైపోయింది కాబట్టి, అడిగి తీయాల్సిన బాధ్యత ఫొటోగ్రాఫర్ మీద ఇంకా పెరిగింది.

## ఖాళీ అయిన జాగాతో ఏం చేశారు?

అద్దం ఊగడానికి లెన్స్ వెనక చోటు వదలాలి. నికాన్ డీఎస్‌ఎల్‌ఆర్‌లలో లెన్స్ బిగించే అంచు నుంచి సెన్సర్ దాకా 46.5 మిల్లీమీటర్లు. వాళ్ల మిర్రర్‌లెస్ జెడ్ మౌంట్‌లో అది 16 మిల్లీమీటర్లే. కెనన్ పాత ఈఎఫ్‌లో 44, కొత్త ఆర్‌ఎఫ్‌లో 20. ఎక్కువ మేరను చూపించే వైడ్ లెన్సులకు ఆ పాత ఖాళీ పెద్ద అడ్డంకి. వెలుగును దూరం నుంచే సెన్సర్ మీదికి వంచడానికి అదనపు గాజులు పెట్టాల్సి వచ్చేది. ఇప్పుడు పెద్ద గాజును సెన్సరుకు చేరువలోనే కూర్చోబెట్టవచ్చు. మూలల దాకా బొమ్మ పదునుగా వస్తుంది.

ఇందులో మామూలు స్టూడియోలకు దక్కిన అసలు లాభం వేరే ఉంది. పాత లెన్స్‌ను కొత్త బాడీకి పెట్టాలంటే మధ్యలో తగ్గిన దూరాన్ని నింపితే చాలు. నికాన్‌కు 30.5 మిల్లీమీటర్లు, కెనన్‌కు 24. ఆ మందం ఉన్న అడాప్టర్ ఉంగరం బిగిస్తే పాత లెన్స్ పనిచేస్తుంది. అందుకే చాలామంది ముందు బాడీ మార్చి, సీజన్ డబ్బులు చేతికొచ్చాక లెన్సులు ఒక్కొక్కటే మార్చుకోగలిగారు. తిరుగు ప్రయాణం మాత్రం కుదరదు. మిర్రర్‌లెస్ కోసం చేసిన లెన్స్ డీఎస్‌ఎల్‌ఆర్‌కు పనికిరాదు. అద్దం ఆక్రమించిన చోట లెన్స్‌ను కూర్చోబెట్టలేం.

మిర్రర్‌లెస్ అంటే తేలిక అనే మాట కూడా సగమే నిజం. బాడీ తేలికైంది. కానీ లెన్స్ బరువును నిర్ణయించేది అద్దం కాదు. సెన్సర్ ఎంత పెద్దది, లెన్స్ ఎంత వెలుగును లోపలికి రానిస్తుంది అన్నవే ముఖ్యం. ఫుల్‌ఫ్రేమ్‌కు 70-200 ఎఫ్ 2.8 లెన్స్ బిగించి మూడు గంటలు పట్టుకుంటే భుజం సంగతి తెలుస్తుంది. నిజంగా తేలిక కావాలంటే సెన్సర్ చిన్నదవ్వాలి.

## నిద్రపోని సెన్సర్ ఖర్చు

సెన్సర్, ప్రాసెసర్, వ్యూఫైండర్ తెర మూడూ ఎప్పుడూ పనిచేస్తుంటే కరెంటు కావాలి. డీఎస్‌ఎల్‌ఆర్‌లో కెమెరా ఆఫ్ చేసి ఉన్నా వ్యూఫైండర్‌లోంచి చూడవచ్చు. మిర్రర్‌లెస్‌లో చూడటానికి కూడా ఖర్చే. బ్యాటరీ తాగేస్తోందని స్టూడియోల్లో వినిపించే ఫిర్యాదు ఇక్కడిదే.

> ఒక చార్జింగ్‌కు ఎన్ని ఫొటోలు?
>
> జపాన్ కెమెరా సంస్థల సంఘం సీపా నిర్ణయించిన ప్రామాణిక పరీక్ష ప్రకారం:
>
> నికాన్ డీ850, డీఎస్‌ఎల్‌ఆర్, 2017: 1,840
>
> సోనీ ఏ7, మిర్రర్‌లెస్, 2013: 340
>
> సోనీ ఏ7 3, మిర్రర్‌లెస్, 2018, పెద్ద బ్యాటరీతో: వెనక తెర వాడితే 710
>
> గుక్కతిప్పుకోకుండా వరుసగా తీస్తే ఈ లెక్కలకు మించి ఎన్నో రెట్లు వస్తాయి. ఎందుకంటే ఖర్చయ్యేది ఫొటోల సంఖ్యను బట్టి కన్నా కెమెరా మేలుకుని ఉన్న సమయాన్ని బట్టి. ముహూర్తం కోసం ఎదురుచూసే అరగంటలో కెమెరా ఆఫ్ చేసుకుంటే బ్యాటరీ మిగులుతుంది. యూఎస్‌బీ-సీ ఉన్న మోడళ్లకు భోజనాల విరామంలో పవర్‌బ్యాంక్ పెట్టుకోవచ్చు.

ఖర్చయిన కరెంటు వేడిగా మారుతుంది. మే నెల ఎండలో ఆరుబయట ఎక్కువ స్పష్టత గల వీడియో ఆపకుండా తీస్తే కొన్ని కెమెరాలు తమను తాము కాపాడుకోవడానికి ఆగిపోతాయి. నీడన పెట్టుకోవడం, వెనక తెరను బాడీకి దూరంగా తెరిచి ఉంచడం, అవసరం లేని చోట 4కే, 8కే తగ్గించుకోవడం దీనికి మందు.

మూడోది దుమ్ము. డీఎస్‌ఎల్‌ఆర్‌లో లెన్స్ తీస్తే ముందు అద్దం, దాని వెనక షట్టర్ తెర, ఆ వెనక సెన్సర్. మిర్రర్‌లెస్‌లో లెన్స్ తీయగానే చాలా మోడళ్లలో సెన్సరే ఎదురుగా ఉంటుంది. హల్దీ వేడుకలో పసుపు గాల్లో తేలుతుంటే లెన్స్ మార్చడం కోరి కష్టం తెచ్చుకోవడమే. రెండు బాడీలు, రెండు లెన్సులతో వెళ్లడం అందరికీ కుదరదు. కుదరనివాళ్లు కెమెరా ఆఫ్ చేసి, మూతి కిందికి వంచి, వీలైతే గది లోపలికి వెళ్లి మార్చుకోవాలి. ఆఫ్ చేయగానే షట్టర్ తెర మూసుకునే మోడళ్లున్నాయి. ఆ తెర చాలా సున్నితం, వేలు తగలకూడదు.

నాలుగోది చాలామందికి తట్టనిది. సంగీత్‌లో, డీజే రాత్రుల్లో తిప్పే లేజర్ కిరణం తిన్నగా లెన్స్‌లోకి వస్తే సెన్సర్ మీద ఆ చోట మచ్చలూ గీతలూ శాశ్వతంగా మిగలవచ్చు. డీఎస్‌ఎల్‌ఆర్‌లో అద్దం చాటున ఉండటంతో ప్రమాదం ఫొటో పడే క్షణానికే పరిమితం. ఇక్కడ సెన్సర్ ఎప్పుడూ తెరిచే ఉంటుంది. లేజర్లు తిరుగుతుంటే కెమెరా కిందికి దించడమే క్షేమం.

## కొనేముందు అడగాల్సిన ప్రశ్న

ఇప్పటిదాకా చెప్పినవన్నీ కలిపి చూస్తే ఒక విషయం తేలుతుంది. ఫోకస్ వేగం, వ్యూఫైండర్ నునుపు, నిశ్శబ్దంగా తీసినా వంకర రాకపోవడం, చారలు తగ్గడం, అన్నీ ఆధారపడేది సెన్సర్ ఒక ఫ్రేమును ఎంత సేపట్లో చదువుతుందన్న దాని మీద. దుకాణంలో మొదట చెప్పేది మెగాపిక్సెళ్ల లెక్క. గోడకు వేలాడే పెద్ద పటానికి అది అవసరమే. కానీ ఇతర హంగులు సమానంగా ఉంటే ఎక్కువ మెగాపిక్సెళ్లంటే చదవాల్సిన వరుసలు ఎక్కువ, అంటే వడ్డన ఆలస్యం. పెళ్లిళ్లు, ఆటలు, నాట్యం, పక్షులు తీసేవారు మెగాపిక్సెళ్లకు ముందు చదివే వేగం గురించి అడగాలి. స్టూడియోలో ఫ్లాష్‌తో పాస్‌పోర్టు ఫొటోలు, నగల ఫొటోలు తీసేవారికి ఆ వేగంతో పెద్దగా పని లేదు. వాళ్లకు చౌకగా దొరుకుతున్న సెకండ్‌హ్యాండ్ డీఎస్‌ఎల్‌ఆర్ ఇంకా చాలాకాలం అన్నం పెడుతుంది.

ఇంట్లో పిల్లల ఫొటోలకు ఫోన్ చాలదా అంటే, పట్టపగలు చాలు. ఫోనూ అద్దం లేని కెమెరాయే. తేడా సెన్సర్ పరిమాణంలో, లెన్స్‌లో ఉంది. వెలుతురు తగ్గిన హాల్లో, దూరంగా వేదిక మీద ఆడే పాప ముఖం కావాలనుకున్నప్పుడు ఆ తేడా బయటపడుతుంది.

## మీట నొక్కకముందే పడిన ఫొటో

ఎప్పుడూ మేలుకుని ఉండే సెన్సర్ ఇంకో వింతకు దారి తీసింది. ఎలాగూ నిరంతరం చదువుతూనే ఉంది కదా, చివరి సెకనులో చదివినదాన్ని పారేయకుండా దాచుకుంటే? 2016లో ఒలింపస్ ఈ-ఎం1 మార్క్ 2 ఈ పని చేసింది. ఇప్పుడు నికాన్ జెడ్9, సోనీ ఏ9 3 కూడా చేస్తున్నాయి. మీట సగం నొక్కి ఎదురుచూస్తుంటే కెమెరా లోలోపల తీస్తూ పాతవి చెరుపుకుంటూ ఉంటుంది. పక్షి ఎగిరాక, ఆలస్యంగా మీట పూర్తిగా నొక్కినా, ఎగరడానికి ముందరి క్షణాలు కూడా కార్డులోకి చేరతాయి. తాళి కట్టే చేతులైనా, క్యాచ్ పట్టే ఫీల్డరైనా అంతే. సరైన క్షణాన్ని పసిగట్టి వేలు కదిలించే నేర్పుకు ఇన్నాళ్లూ ఉన్న విలువలో కొంత భాగం యంత్రానికి పోయింది.

ఆ విలువ మాయమవలేదు, చోటు మారింది. సెకనుకు 20 చొప్పున పది సెకన్లు తీస్తే 200 ఫైళ్లు. సెన్సర్ చదివింది చదివినట్టు దాచే రా ఫైలు ఒక్కోటి 25 ఎంబీ అనుకున్నా 5 జీబీ. అందులో పెళ్లికూతురి కళ్లు తెరిచి ఉన్నది, పెళ్లికొడుకు నవ్వు పూర్తిగా విచ్చుకున్నది, వెనక నిలబడ్డ మేనమామ ముఖం తెగిపోనిది ఒకటో రెండో. వాటిని ఏరడానికి కంప్యూటర్ ముందు గంటలు పోతున్నాయి. పదునుగా ఉన్నవాటిని విడదీసే సాఫ్ట్‌వేర్లు వచ్చాయి. కానీ ఆ ఇంటివాళ్లకు ఏ ముఖం ఎందుకు ముఖ్యమో వాటికి తెలియదు. కాబట్టి కొత్త బాడీ కొని ధరల పట్టిక తిరగరాసుకునే ఫొటోగ్రాఫర్, పందిట్లో నిలబడే గంటలతో పాటు ఫొటోలు ఏరే గంటలకు కూడా ఖరీదు కట్టాలి. ఆల్బమ్ బాగుందని ఇంటివాళ్లు మెచ్చుకునేది ఇప్పుడు ఎక్కువగా ఆ గంటల్లో జరిగిన పనినే.